గిన్నె వెళ్ళిన దారి

మా ఊళ్ళో నాకు తెలియకుండా చీమ కూడా ఒకరి గుమ్మం దాటి ఇంకొకరి గుమ్మంలోకి వెళ్ళదని జిల్లా నుంచి వచ్చిన డాక్టరుగారితో నలుగురి ముందూ అనేశాను. అనకుండా ఉండాల్సింది. కానీ నా నోరు అలాంటిది. ముందు అది బయల్దేరుతుంది, దాని వెనకాల నేను పరిగెత్తుకుంటూ వెళ్తాను.

కొత్తపేటకి దగ్గరలో ఉన్న ఈ ఊరికి పందొమ్మిదేళ్ళుగా నర్సమ్మని నేనే. ఎవరికి ఎన్నో నెల, ఎవరికి బీపీ, నేనిచ్చిన మాత్రలు వేసుకుంటున్నానని చెప్పి ఎవరు అరటి పాదులో పారేస్తున్నారు, అన్నీ నాకు తెలుసు. అందుకే ఆ సోమవారం డాక్టరుగారు మా ఆరోగ్య కేంద్రంలో మీటింగు పెట్టి, ఎవరైనా కావాలని రోగక్రిముల్ని జనం మీదికి వదిలితే ఊరు ఎలా కాచుకోవాలో చెబుతుంటే, నేను ముందు వరసలో కూర్చుని అందరికంటే ఎక్కువగా తల ఊపాను.

కుర్రాడే గాని మంచి మాటకారి. ఈ రోజుల్లో శత్రువు బాంబులే వేయక్కర్లేదండీ అన్నాడు. ఒక కవర్లో చిటికెడు పొడి చాలు, ఒక నీళ్ళ ట్యాంకు చాలు. దాన్ని మొదట కనిపెట్టేది సైన్యమూ కాదు, పోలీసులూ కాదు. ఒకే రకం జ్వరం మూడో ఇంట్లో కూడా కనబడినప్పుడు ఇదేదో తేడాగా ఉందే అనుకునే ఊరి నర్సు. ఆవిడ చేతిలో ఉండే ఆయుధం తుపాకీ కాదు, పట్టిక. రోగి ఎవర్ని తాకాడు, వాళ్ళు ఎవర్ని తాకారు అన్న పట్టిక. అందులో ఒక్క ఇల్లు తప్పిపోయినా దడిలో కన్నం పడినట్టే.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను సైన్యం కంటే ముందు నిలబెట్టిన వాడు ఇతనొక్కడే. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింతలోనే చీమ మాట అనేశాను.

ఆయన నవ్వి, అయితే ఈసారి కసరత్తు మీ ఊళ్ళోనే చేద్దాం మేడమ్ అన్నాడు. వాళ్ళ దగ్గర ఒక పొడి ఉందట. ప్రమాదం లేనిది, మామూలుగా కంటికి కనబడదు, చీకట్లో నీలం లైటు వేస్తే మెరుస్తుంది. దాన్నే క్రిమి అనుకోవాలి. ఊళ్ళో ఒకచోట అది అప్పటికే పెట్టేశారు. మర్నాడు పొద్దున్న మొదటి రోగి ఎవరో ఫోన్లో చెప్తారు. సాయంత్రం నాలుగింటికల్లా నేను పట్టిక రాసివ్వాలి. వాళ్ళు లైట్లతో వచ్చి ఇల్లిల్లూ చూస్తారు. పట్టికా లైటూ ఒకటే మాట చెబితే మా కేంద్రం జిల్లాకంతటికీ ఆదర్శం. వచ్చే ఏడాది నా రిటైర్మెంటు. పోయేముందు ఆ పేరు ఒకటి సంపాదించుకుని పోవాలని నాకు గట్టిగా అనిపించింది.

పట్టిక రాసుకోమని కొత్త రిజిస్టరు ఒకటి ఇచ్చారు. నల్ల అట్ట, ఎర్ర అంచు. దాన్ని చంకన పెట్టుకుని, ఆ రోజంతా కాళ్ళకి బలపం కట్టుకుని ఊరంతా తిరిగాను. చేతులు కడుక్కోండి, మొహం ముట్టుకోకండి, ఒకరి వస్తువులు ఒకరు వాడకండి అని ప్రతి అరుగు దగ్గరా ఆగి చెప్పాను. జనం ఎంతో మర్యాదగా ఆయ్ అన్నారు. మా వైపు ఆయ్ అంటే విన్నామని అర్థం. చేస్తామని కాదు.

ఇక్కడ మా పక్కింటి గురించి చెప్పాలి. చెప్పకపోతే ముందుకెళ్ళడం కుదరదు.

పక్కిల్లు మా తోడికోడలిది. మా మరిది మస్కట్‌లో పనిచేస్తాడు. కరోనా వచ్చిన కొత్తలో అతను విమానం దిగి ఇంటికొచ్చాడు. విదేశాల నుంచి వచ్చినవాళ్ళని ఇంట్లోనే ఉంచాలని నాకు ఆర్డరు. నేను ఏం చేయాలి? పక్కిల్లే కదా, పెరటి వైపు నుంచి వెళ్ళి, ఇదీ సంగతి అని చెప్పొచ్చు. నేనలా చేయలేదు. సొంతవాళ్ళని వెనకేసుకొచ్చానని ఎవరైనా అంటారేమోనని, ఆటోకి మైకు కట్టించి, వాళ్ళ వీధి గుమ్మం ముందు ఆపించి, ఈ ఇంటి గడప ఎవరూ తొక్కవద్దు అని ఊరంతా వినబడేలా మూడుసార్లు చెప్పాను. తలుపు మీద కాగితం కూడా నా చేత్తోనే అంటించాను. నెల్లాళ్ళు వాళ్ళకి పాలు పోసేవాడు కూడా రాలేదు. తీరా చూస్తే మా మరిదికి ఏమీ లేదు.

ఒక్క మాట లోపలికొచ్చి చెబితే మేమే తలుపు వేసుకునేవాళ్ళం కదా అక్కగారూ అని మా తోడికోడలు అరుగు మీద నిలబడి అడిగింది. న్యాయమైన మాటే. అందుకే నాకు ఒళ్ళు మండింది. రూలంటే రూలే, నీకోసం మార్చరు, ఇంక మీ గడప తొక్కితే నా మీద ఒట్టు, మా ఇంట్లోవాళ్ళెవరైనా తొక్కితే ఊరుకునేది లేదు అని అరిచి వచ్చేశాను. అప్పటినుంచి రెండిళ్ళకీ మాటల్లేవు. తాటాకు దడికి ఇవతల మేము, అవతల వాళ్ళు.

ఈ కసరత్తు నాటికి వాళ్ళమ్మాయి పురిటికి వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టి పద్దెనిమిది రోజులు. నర్సుగా నేను వెళ్ళి చూడాల్సిన పిల్ల. వెళ్ళలేదు. ఆశా కార్యకర్తని పంపించి, ఆ అమ్మాయి చెప్పింది రాసుకున్నాను. బరువు మూడు కిలోల వంద గ్రాములు, బొడ్డు ఊడింది, పాలు బాగా తాగుతోంది. అన్నీ కాగితం మీద ఉన్నాయి. ముక్కు ఎవరిదో, రంగు ఎవరిదో నాకు తెలియదు. మధ్యాహ్నం పూట దడి అవతల ఏడుపు వినిపిస్తే గట్టి గొంతే అనుకుని, రేడియో పెట్టుకునేదాన్ని.

మంగళవారం పొద్దున్నే డాక్టరుగారి ఫోను వచ్చింది. మొదటి రోగి మీరే మేడమ్ అన్నాడు. పొడి నిన్న మీకిచ్చిన రిజిస్టరు అట్ట మీద ఉందండి.

చేతులు కడుక్కోండని చెబుతూ ఊరంతా క్రిమిని పంచింది నేనే అన్నమాట. ఎక్కడెక్కడ ఆ రిజిస్టరు పెట్టానో గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాను. సర్పంచిగారి కుర్చీ మీద పెట్టాను. కిరాణా కొట్టులో బెల్లం పక్కన పెట్టాను. ఇంటికొచ్చి వంటింటి గట్టు మీద పడేశాను.

సరే, నాకు తెలియని ఊరా అని కూర్చుని రాయడం మొదలుపెట్టాను. పట్టికలో గళ్ళు నాలుగు. పేరు, వయసు, మొదటి రోగికి ఏమవుతారు, ఎలా తాకారు. మధ్యాహ్నానికి నలభై ఆరు పేర్లు రాశాను. ఇంట్లోవాళ్ళని కూడా వదలకుండా అడిగాను. మా ఆయన కొబ్బరి దింపు దగ్గరికి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదన్నారు. మా అత్తగారు చాప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. ఎనభై దాటిన మనిషి. నిన్నంతా ఎక్కడికెళ్ళారని అడిగాను.

"నేనెక్కడికెళ్తానమ్మాయ్, ఈ మోకాళ్ళతో" అన్నారావిడ, తలెత్తకుండా.

నమ్మాను. రెండు వారాలుగా ఆవిడ రోజూ వెల్లుల్లి కారం దంచుతున్నారు. ఎందుకండీ ఇంత అంటే మోకాళ్ళ నొప్పులకి అన్నారు. వెల్లుల్లి కారం బాలింతకి పెడతారన్న సంగతి ఈ ఊళ్ళో బడిపిల్లలకి కూడా తెలుసు. పందొమ్మిదేళ్ళుగా పురుళ్ళు చూస్తున్న నాకు తట్టలేదు. పైగా మధ్యమధ్యలో ఇంట్లోకి కొబ్బరి లౌజు వచ్చేది. ఎక్కడిదంటే టీచరుగారి ఇంటినుంచన్నారు. టీచరుగారికి ఉప్మా చేయడం రాదన్న సంగతి తెలిసి కూడా ఆ లౌజు శుభ్రంగా తిన్నాను.

నాలుగింటికి వాళ్ళు వచ్చారు. డాక్టరుగారూ, ఆయనతో ముగ్గురు కుర్రాళ్ళూ. కుర్రాళ్ళకి తల నుంచి పాదాల దాకా తెల్ల సూట్లు, మూతికి మాస్కులు, కళ్ళకి అద్దాలు. నిజంగా దాడి జరిగితే ఎలా వస్తారో అలాగే రావాలట. జొన్నాడ వంతెన దాటినప్పటినుంచి అవి వేసుకునే ఉన్నారట పాపం. ఆ ఉక్కకి సూట్ల లోపల కుర్రాళ్ళు ఉడికిపోతున్నారు.

మా ఊరివాళ్ళకి భయపడటం రాదు, మర్యాద చేయడం వచ్చు. సర్పంచిగారి అమ్మగారు వాళ్ళని దోమల మందు కొట్టేవాళ్ళనుకుని, మా మురిక్కాలవ కూడా చూసి వెళ్ళండి బాబూ అన్నారు. ఎవరో అప్పుడే దింపిన బొండాలు కొట్టి తెచ్చారు. సూటు తీయకూడదండీ అని కుర్రాళ్ళు చెబితే, తీయకండి, తాగండి అన్నారు. మాస్కుందండీ అంటే, గొట్టం ఇస్తామన్నారు. ఊరికొచ్చిన మనిషి నోరు తడుపుకోకుండా వెళ్తే మాకు బాగోదండీ అని ఒక పెద్దాయన దారికి అడ్డంగా నిలబడిపోయారు. చివరికి ముగ్గురిలో ఒకడు ఆగలేక, మాస్కు లాగేసి గడగడా తాగేశాడు. రూలు ప్రకారం అతను చనిపోయినట్టే. డాక్టరుగారు అలాగే రాసుకున్నారు. చనిపోయినతను రెండో బొండాం అడిగాడు.

తర్వాత ఇళ్ళు చూడటం మొదలైంది. తలుపులూ కిటికీలూ మూసి, గది చీకటి చేసి లైటు వేస్తారు. మొదట నన్నే చూశారు. అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. మొహం ముట్టుకోవద్దని ఊరంతా చెప్పిన మనిషి ముక్కు మీద, గడ్డం మీద, చెవి దగ్గర, అన్ని చోట్లా వేళ్ళ గుర్తులు నీలంగా మెరుస్తున్నాయి. డాక్టరుగారు మర్యాదస్తుడు కాబట్టి నవ్వకుండా దగ్గారు.

సర్పంచిగారి కుర్చీ మెరిసింది. పట్టికలో ఉంది. కిరాణా కొట్టు తక్కెడ మెరిసింది. అదీ ఉంది. ఒక్కో ఇంటికీ నా గొంతు పెరిగింది. చూశారా, రాశానా లేదా అని డాక్టరుగారిని ఊపిరి తిప్పుకోనివ్వలేదు. చివరికి మా ఇంటికొచ్చాం. వంటింట్లో లైటు వేయగానే పంచదార డబ్బా మూత మీద నాలుగు వేళ్ళు మెరిశాయి. మా ఆయనకి షుగరు. పంచదార మానేసి ఏడాదైందని నా మీద ప్రమాణం చేసిన మనిషి. నేను తిరిగి చూసేసరికి ఆయన గేదెకి నీళ్ళు పెట్టాలంటూ వెళ్ళిపోయారు. ఆయన సంగతి తర్వాత చూసుకోవచ్చని ఊరుకున్నాను.

గట్టు మీద రిజిస్టరు పెట్టిన చోట లైటు వేశారు. గట్టంతా పొడే. మధ్యలో మాత్రం గుండ్రంగా, గిన్నె అడుగంత మేర, పొడి లేదు. నా చంకలో ఉన్న రిజిస్టరు తిరగేసి చూస్తే అట్ట మీద కూడా అంతే మేర గుండ్రంగా నూనె మరక, కొంచెం కారం.

"ఇక్కడో గిన్నె ఉండేది మేడమ్. దాని మీద మీ రిజిస్టరు మూత పెట్టారు" అన్నాడాయన. "ఆ గిన్నె ఏదండి?"

నేను మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ దూలాలు లెక్కపెడుతున్నారు.

గిన్నె మా ఇంట్లో లేదు. పెరటి తలుపు గడియ మెరిసింది. ఆ తర్వాత దడి. బయట వెలుతురు ఉండటంతో మా మంచం మీద దుప్పటి తెచ్చి, డాక్టరుగారూ నేనూ దాన్ని కప్పుకుని, తాటాకు దడి దగ్గర గొంతుక్కూర్చుని లైటు వేశాం. నా పరువు మొత్తం ఆ దుప్పటి కిందే పోయింది. దడికి ఒకచోట తాటాకులు తలుపులా తెరుచుకునేలా తాడుతో కట్టి ఉన్నాయి. ఎన్నేళ్ళనుంచి ఉందోగాని, తాడు అరిగి నున్నగా అయిపోయింది. తాడంతా నీలంగా మెరుస్తోంది.

పక్కింటివాళ్ళ పేర్లు పట్టికలో లేవేంటి మేడమ్ అన్నాడాయన, దుప్పట్లోనే. మాకూ వాళ్ళకీ రాకపోకల్లేవండీ అన్నాను. అలా అంటుంటే నాకే సిగ్గేసింది.

దుప్పటి తీసి అత్తగారి మీద విరుచుకుపడ్డాను. ఒట్టేశానని తెలిసి కూడా వెళ్తారా అన్నాను. ఆవిడ ఏమీ తొణకలేదు.

"గడప తొక్కనని కదమ్మాయ్ నువ్వు ఒట్టేసింది. నేనెప్పుడూ తొక్కలేదు. దడిలోంచే వెళ్ళొచ్చేను" అన్నారు. అక్కడితో ఆగలేదు. "గిన్నె వాళ్ళిస్తే ఖాళీగా ఎలా పంపుతాం? మనం పంపితే వాళ్ళు మాత్రం ఖాళీగా ఎలా పంపుతారు? ఇంక ఎక్కడ ఆపమంటావు?"

మా ఊళ్ళో ఖాళీ గిన్నె తిరిగివ్వరు. కూర వస్తే పచ్చడి వెళ్తుంది, పచ్చడి వస్తే లౌజు వెళ్తుంది. నేను మైకులో ఎంత అరిచినా ఐదేళ్ళుగా ఆ గిన్నె దడికి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నాకొక్కదానికే తెలియదు. మా ఆయనకి తెలుసట. ఆశా కార్యకర్తకి తెలుసట. పాలవాడికీ తెలుసట.

డాక్టరుగారు వీధి వైపు నుంచి వెళ్ళబోతుంటే ఆపి, దడిలోంచే వంగి వెళ్ళాను. ఒట్టు కదా. అత్తగారు వెనకనుంచి తల తగులుతుంది చూసుకో అన్నారు.

వాళ్ళ వంటింట్లో గట్టు మీద మా స్టీలు గిన్నె ఉంది. లైటు వేస్తే మెరిసింది. బాలింత అన్నం తిన్న పళ్ళెం మెరిసింది. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుని, దొడ్డమ్మా అనాలా వద్దా అన్నట్టు చూస్తోంది. ఆమె వేళ్ళు మెరిశాయి. పక్కన పాత చీర కట్టిన ఉయ్యాల. ఉయ్యాల మీద లైటు వేయవద్దని అందామనుకున్నాను. డాక్టరుగారు పిల్ల కళ్ళమీద పడకుండా లైటుకి చెయ్యి అడ్డం పెట్టి, నెమ్మదిగా ఉయ్యాల అంచు మీద వేశారు. ముడి మెరిసింది. కప్పిన గుడ్డ మెరిసింది. గుడ్డలోంచి బయటికొచ్చిన పిడికిలి మీద ఒక చుక్క మెరిసింది.

అది కేవలం పొడి. నీళ్ళతో కడిగితే పోతుంది. నాకు తెలుసు. అయినా అక్కడే పీట మీద కూలబడ్డాను. ఐదేళ్ళుగా నేను గుమ్మం తొక్కని ఇల్లు. నేను ఒక్కసారీ ముట్టుకోని పిల్ల. ఊరందరికంటే చిన్నది. పొడి నా చేతిలోంచే బయల్దేరి, నా అట్ట మీదనుంచి దాని పిడికిలి దాకా వెళ్ళింది. నా పట్టికలో మాత్రం ఆ ఇల్లే లేదు. ఇది నిజంగా జరిగి ఉంటే, నలభై ఆరుగురికీ మందులు పంచి, ఈ ఒక్క ఇంటినీ వదిలేసి, నేను రేడియో పెట్టుకుని కూర్చునేదాన్ని.

మా తోడికోడలు గుమ్మంలో నిలబడి ఉంది. నాకు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. అత్తయ్యగారు నాకెందుకు చెప్పలేదు అని ఆమెని అడిగాను.

"మీరు అరుస్తారని అక్కగారూ" అంది. "మిమ్మల్ని చూస్తే అందరికీ భయమేనండి. జ్వరం వచ్చినా ముందు మీకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తారండి."

కోపంతో కాదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. చీమ సంగతి డాక్టరుగారు గుర్తుచేయలేదు, అది ఆయన మంచితనం. ఇంత ఊళ్ళో అందరికీ తెలిసిన దారి నాకొక్కదానికి తెలియకపోవడానికి కారణం పొడి కాదు, నా నోరు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఉద్యోగంలో ఉండగా, జిల్లా అధికారి ముందు, ముక్కు చీదుతూ.

డాక్టరుగారు రిజిస్టరు తెరిచి పెన్ను తీశారు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆయనే రాయడం మొదలుపెట్టారు. నలభై ఏడు మా తోడికోడలు. నలభై ఎనిమిది బాలింత. నలభై తొమ్మిది. వయసు పద్దెనిమిది రోజులు. ఎలా తాకారు అన్న గడిలో గిన్నె అని రాశారు. తర్వాత తలెత్తారు.

"మొదటి రోగికి ఈ పాప ఏమవుతుంది మేడమ్?"

నేను నోరు తెరిచాను. ఏమనాలో, అనే హక్కు నాకుందో లేదో తెలియలేదు. పొరుగు అని రాయించుకోవాల్సినంత పని చేశాను కదా.

"మనవరాలండి. రాయండి" అంది మా తోడికోడలు గుమ్మంలోంచి.

ఆయన రాశారు. ఇక మిగిలింది పేరు గడి ఒక్కటే. పేరు అని అడిగితే ఆమె డాక్టరుగారి వైపు కాకుండా నా వైపు చూసింది. శుక్రవారం బారసాల, బియ్యంలో రాసేదాకా పేరు బయటికి చెప్పకూడదు, వచ్చి చూసి రాసుకోండి అక్కగారూ అంది. పేరు లేకపోతే కంప్యూటరు తీసుకోదని డాక్టరుగారు నసిగారు. మూడు రోజులు ఆగమనండి మీ కంప్యూటర్ని అని కసిరాను. కసిరాక, సర్లెండి, మెల్లగానే అన్నాను కదండీ అని సర్దుకున్నాను.

ఉయ్యాలలో పిల్ల కదిలి, మొహం చిట్లించి, ఏడుపు అందుకుంది. ముక్కు మాత్రం అచ్చంగా మా అత్తగారిదే. చేతులు చాచబోయి, నా వేళ్ళు చూసుకుని ఆగిపోయాను. పేరు గడి ఖాళీగా వదిలి రిజిస్టరు మూసేసి, సబ్బు ఎక్కడుందని మా తోడికోడల్ని అడిగాను.